తలపాగా తీయని విమాన యోధుడు

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారి రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి యుద్ధ విమానాలు నడిపిన భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవారే. వారిలో నలుగురి పేర్లు ముఖ్యంగా వినిపిస్తాయి. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ 1918 జూలైలో రెండు వారాల లోపే పది శత్రు విమానాలను దెబ్బతీసి, పందొమ్మిదేళ్ల వయస్సులోనే నేలకొరిగారు. బొంబాయి నుంచి వెళ్లిన శ్రీకృష్ణ వెలింకర్ అదే ఏడాది జూన్‌లో మరణించారు. ఎరోల్ సేన్ 1917లో జర్మన్లకు బందీగా చిక్కారు. నాలుగో వ్యక్తి సర్దార్ హర్దీత్ సింగ్ మాలిక్. ఆయన తొంభై ఏళ్లు జీవించి, ఆనాటి సంగతులను తీరికగా నెమరు వేసుకోగలిగారు.

మాలిక్ 1894 నవంబరు 23న రావల్పిండిలో కలిగిన కుటుంబంలో జన్మించారు. పద్నాలుగో ఏట చదువు కోసం ఇంగ్లండు వెళ్లి, 1912లో ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో చేరారు. చదువుతో పాటు ఆటలు. ససెక్స్ కౌంటీ జట్టులో క్రికెట్ ఆడారు. గోల్ఫ్ అంటే ప్రాణం.

1914లో యుద్ధం వచ్చింది. తోటి విద్యార్థులందరూ సైన్యంలో అధికారులుగా చేరిపోతూంటే మాలిక్ కూడా దరఖాస్తు పెట్టారు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. భారతీయులు లక్షల సంఖ్యలో సిపాయిలుగా పనికివచ్చారు గాని, తెల్ల సిపాయిలకు ఆజ్ఞలిచ్చే అధికారిగా భారతీయుడు పనికిరాడు. గాయపడిన భారతీయ సైనికుల ఆసుపత్రిలో పనివాడిగా ఉండవచ్చునన్నారు. ఆయన అందుకు ఒప్పుకోలేదు. ఫ్రాన్స్ వెళ్లి, 1916లో ఫ్రెంచ్ రెడ్‌క్రాస్ తరఫున అంబులెన్సు నడిపారు.

అక్కడి నుంచే ఫ్రెంచ్ వైమానిక దళానికి అర్జీ పెట్టుకుంటే వారు తీసుకోవడానికి సిద్ధపడ్డారు. ఈ విషయం ఆక్స్‌ఫర్డ్‌లోని గురువు అర్కార్ట్ చెవిన పడింది. బ్రిటిష్ ప్రజ అయిన ఒక యువకుడు ఫ్రెంచి వారికి పనికివచ్చి, బ్రిటిష్ వారికి పనికిరాకపోవడమేమిటని ఆయనకు చిర్రెత్తింది. రాయల్ ఫ్లయింగ్ కోర్‌కు అధిపతిగా ఉన్న జనరల్ హెండర్సన్‌కు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంతో తలుపు తెరుచుకుంది. 1917 ఏప్రిల్‌లో మాలిక్ క్యాడెట్ అయ్యారు. దొరతనానికి న్యాయబుద్ధి పుట్టి చేసిన పని కాదిది. పొరుగువాడు పట్టుకుపోతాడన్న పౌరుషమే ఎక్కువగా పనిచేసిందనుకోవాలి.

ఆల్డర్‌షాట్ శిబిరంలో కవాతు నేర్పే సార్జెంటు తలపాగా తీసి టోపీ పెట్టమని పట్టుబట్టాడు. మాలిక్ ససేమిరా అన్నారు. చివరకు పైవారే దిగివచ్చారు. తలపాగా మీదుగా పట్టేటట్టు పెద్ద విమాన శిరస్త్రాణం ఒకటి ప్రత్యేకంగా కుట్టించుకున్నారు. దానిని చూసి తోటి పైలెట్లు ఎగిరే భూతం అని వేళాకోళం ఆడేవారట.

ఫిల్టన్‌లో కొద్ది గంటల శిక్షణతోనే ఒంటరిగా విమానం నడిపేశారు. ఆ తర్వాత చేతికి వచ్చినది సాప్‌విత్ కేమెల్. ఒకే మనిషి కూర్చునే విమానం, ముందు రెండు మరతుపాకులు. చెయ్యి తిరిగిన వాడికి కేమెల్‌ను మించిన ఆయుధం లేదు. కొత్తవాడు ఏమరితే గిర్రున తిరిగి నేలకు కొట్టేది. శిక్షణలోనే చాలామంది దానికి బలయ్యారు. ఆ పైలెట్లకు పారాచూట్లు కూడా ఉండేవి కావు.

మాలిక్ చేరిన 28వ స్క్వాడ్రన్ 1917 అక్టోబరులో ఫ్రాన్స్ చేరింది. ఆయన దళనాయకుడు కెనడాకు చెందిన విలియం బార్కర్, ఆ తర్వాత విక్టోరియా క్రాస్ పొందిన మొనగాడు. అక్టోబరు 26న ఉదయం ఒకటే వర్షం. ఆ వానలో విమానాలు లేవవని అందరూ అనుకుంటూంటే బార్కర్ పైఅధికారిని ఒప్పించి, మాలిక్‌ను, మరొకరిని వెంటబెట్టుకుని జర్మన్ విమానాశ్రయం మీదికి బయలుదేరాడు.

సరిహద్దు దాటిన తర్వాత శత్రు విమానాలు గుంపుగా చుట్టుముట్టాయి. కలయబడిన కాసేపటికే ఎవరికి వారే అయిపోయారు. మాలిక్ ఒక జర్మన్ విమానాన్ని కూల్చారు. అంతలో వెనుక నుంచి వచ్చిన తూటాలు కుడికాలిలో దిగాయి. పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడింది. నిప్పు అంటుకోకపోవడం ఆయుర్దాయమే. నాలుగు విమానాలు వదలకుండా తరుముతూ కాలుస్తూనే ఉన్నాయి. ఇక చావు తప్పదని మొదట భయపడ్డారు. ఎంతకూ ప్రాణం పోకపోయేసరికి, ఈ రోజు తనకు రాసిపెట్టి లేదన్న వింత ధైర్యం కలిగిందని తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. నేలకు తగులుతూ పోతున్నంత కిందుగా ఎగిరి, ఎలాగో తమ సైన్యం ఉన్న వైపుకు వచ్చి కూలబడ్డారు. అప్పటికే నెత్తురు పోయి స్పృహ తప్పింది. విమానానికి నాలుగు వందలకు పైగా తూటా రంధ్రాలు పడ్డాయని చెబుతారు. కాలిలోని తూటాలను వైద్యులు పూర్తిగా తీయలేకపోయారు.

కాలు బాగుపడ్డాక ఇటలీకి మారిన స్క్వాడ్రన్‌లో తిరిగి చేరారు. ఈసారి శత్రువు ఆముదం! కేమెల్ ఇంజను గిరగిర తిరుగుతూ నూనెను ఎప్పటికప్పుడు బయటకు చిమ్మేది. పెట్రోలుతో కలవని నూనె కావాలి కాబట్టి ఆముదం వాడేవారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట రైతు ఎరిగిన ఆముదమే అది. ఆ రోజుల్లో విదేశాలకు ఆముదపు గింజలు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేవి. ఆ పొగ, తుంపర మాలిక్ ఒంటికి సరిపడలేదు. తూటాలు ఆపలేని మనిషిని ఆముదం ఆపింది. ఇంగ్లండుకు తిరిగివచ్చి, బిగిన్ హిల్‌లోని 141వ స్క్వాడ్రన్‌లో బ్రిస్టల్ ఫైటర్లు నడుపుతూ దేశ రక్షణలో పనిచేశారు.

1919లో స్వదేశం వచ్చారు. రాజు కోసం నెత్తురోడ్చి వచ్చిన మనిషికి కనిపించినది జలియన్‌వాలాబాగ్ జరిగిన పంజాబు. ఆయన మాత్రం కొలువు విడిచి ఉద్యమంలోకి వెళ్లలేదు. ఐ.సి.ఎస్.లో చేరారు. దీనిని తప్పు పట్టేవారు పట్టవచ్చు. అయితే ఆయన ఎక్కడ కూర్చున్నా, భారతీయుడు ఆ కుర్చీకి తగడన్న మాట చెల్లకుండా చేశారు. లండన్‌లో, హాంబర్గ్‌లో, న్యూయార్క్‌లో వాణిజ్య ప్రతినిధిగా ఉన్నారు. 1944 నుంచి పటియాలా సంస్థానానికి ప్రధానమంత్రి. దేశ విభజనతో పుట్టిన ఊరు పాకిస్తానుకు పోయింది.

స్వతంత్రం రాగానే కెనడాకు మన మొదటి హైకమిషనర్‌గా వెళ్లారు. అది బార్కర్ దేశం. బార్కర్ మాత్రం 1930లోనే విమాన ప్రమాదంలో పోయాడు. 1949లో ఫ్రాన్సుకు రాయబారి అయ్యారు. ఒకప్పుడు అంబులెన్సు నడిపిన దేశమే. చందర్‌నగర్‌ను భారతదేశానికి అప్పగించే ఒడంబడిక మీద 1951 ఫిబ్రవరి 2న ప్యారిస్‌లో మన తరఫున సంతకం చేసినది మాలికే. గోదావరి తీరాన ఉన్న యానాం, పుదుచ్చేరితో పాటు 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన నాటికీ అక్కడి రాయబారి ఆయనే.

1956లో ఆ పదవి నుంచి తప్పుకున్న తర్వాత గోల్ఫ్ ఆడుతూ కాలం గడిపారు. జర్మన్ తూటాల ముక్కలు కాలిలో అలాగే ఉన్నాయి. 1985 అక్టోబరు 31న కన్నుమూశారు. జ్ఞాపకాలన్నీ రాసిపెట్టుకున్న పుస్తకం ఆయన పోయిన తర్వాత అచ్చయింది.