మైదానంలో ఉపాధ్యాయుడు : సయ్యద్ అబ్దుల్ రహీం

బోధన్ ప్రాంతంలో చెరకు పండించే రైతుకు ఒక సత్యం తెలుసు. గడలో ఎంత తీపి దాగి ఉన్నా, గానుగాడనిదే రసం బయటకు రాదు. క్రీడాకారుని ప్రతిభ కూడా అటువంటిదే. ఆ ప్రతిభను వెలికితీసే విద్యలో ఆరితేరిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, పాఠశాలల్లో ఉపాధ్యాయునిగా పనిచేశారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం సాధించింది.

మరుసటి సంవత్సరమే పరాభవం ఎదురైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, ఆ చలిలో, మన ఆటగాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. రహీం కుంగిపోలేదు. కాలిబలం ఒక్కటే చాలదనీ, బుద్ధిబలమూ కావాలనీ ఆయన నమ్మకం. అందుకే బంతిని ఒంటరిగా వెంట నడిపించుకుపోరాదన్న నియమంతో యువకులకు పోటీలు పెట్టారు. బంతి అందక ముందే దానిని ఎవరికి అందించాలో ఆలోచించే అలవాటు దానివల్ల వారికి అబ్బింది. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు కూడా నిర్వహించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది.

అసలైన పరీక్ష 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఎదురైంది. తొలి పోటీలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి ఒకరు ఆక్షేపించినందున స్థానిక ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. అప్పటికే ఊపిరితిత్తుల వ్యాధి రహీంను పీడిస్తున్నది. అయినా ఆయన నిబ్బరం కోల్పోలేదు. గాయపడిన జర్నైల్‌ను పక్కన కూర్చోబెట్టక, ముందువరుసకు పంపారు. సాహసంతో కూడిన ఆ నిర్ణయం ఫలించింది. అంతిమ పోరులో అదే కొరియాపై పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేయగా, భారత్ 2-1తో విజయం సాధించింది. వేలాది గొంతులు తమకు వ్యతిరేకంగా మ్రోగుతున్నా ఆ యువకులు చలించలేదు.

ఆ విజయానంతరం ఏడాదైనా గడవకముందే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టు మళ్లీ స్వర్ణం గెలవలేదు. అయినా తెలంగాణ గడ్డపై ఆ ఆట అంతరించలేదు. నిజామాబాదు జిల్లాలోని ఒక తండా నుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టులో స్థానం సంపాదించింది.

ఓటమిలో కుంగక, గెలుపులో పొంగక, సాటివారితో కలిసి ఆలోచించడమే రహీం నేర్పిన పాఠం. అది క్రీడారంగంలోనే కాక, జీవితమనే మైదానంలోనూ విద్యార్థులకు దారి చూపుతుంది.