జెరోలామో కార్డానో

జెరోలామో కార్డానో (సెప్టెంబరు 24, 1501 - సెప్టెంబరు 21, 1576) ఇటలీకి చెందిన వైద్యుడు, గణిత శాస్త్రవేత్త. ఘన సమీకరణాల సాధనను వివరించిన "ఆర్స్ మాగ్నా" (1545) గ్రంథం వలన ప్రసిద్ధుడయ్యాడు. పాచికల ఆటలో కొన్ని ఘటనలు కలిసి జరిగే సంభావ్యతను క్రమపద్ధతిలో లెక్కించిన తొలి వ్యక్తులలో ఈయన ముఖ్యుడు.

జీవితం

కార్డానో పావియా నగరంలో జన్మించాడు. తండ్రి ఫాజియో న్యాయవాది, గణితంలో దిట్ట. తల్లిదండ్రులకు వివాహం కాకముందే పుట్టాడన్న కారణంతో మిలాన్ వైద్యుల సంఘం ఈయనను చాలాకాలం చేర్చుకోలేదు. 1539లో గాని అందులో ప్రవేశం లభించలేదు. వైద్యవృత్తి సాగని రోజులలో జూదమే ఆధారమైంది. చివరకు భార్య నగలను కూడా తాకట్టు పెట్టవలసి వచ్చింది. పాచికల గణితం ఈయనకు పుస్తకాలలో కంటే పందెంలోనే ఎక్కువగా ఎదురైందని చెప్పవచ్చు.

భార్యకు విషం పెట్టిన నేరంపై పెద్దకుమారునికి 1560లో మరణశిక్ష అమలైంది. 1570లో మతవిచారణ సంస్థ కార్డానోను బొలోన్యాలో నిర్బంధించింది. విడుదలైన తరువాత రోములో నివసించి అక్కడే మరణించాడు.

పాచికల లెక్క

"లిబెర్ డె లూడో అలియే" అనే లాటిన్ పుస్తకంలో కార్డానో మొదట సాధ్యమైన ఫలితాలన్నిటినీ లెక్కపెట్టాడు. రెండు పాచికలకు 36, మూడింటికి 216. రెండు పాచికలలో కనీసం ఒకదానిపై ఒకటి పడే ఫలితాలు 12 కాదు, 11 మాత్రమే. ఎందుకంటే రెండింటిపైనా ఒకటి పడే ఫలితాన్ని రెండుసార్లు లెక్కించరాదు. మూడు పాచికలకైతే ఇవి 91.

ఒక పందెం వరుసగా పలుమార్లు గెలిచే అవకాశం ఎంత అన్న ప్రశ్న వద్ద కార్డానో తడబడ్డాడు. మొదట గెలుపు ఓటముల నిష్పత్తినే హెచ్చవేశాడు. అలా చేస్తే సమాన అవకాశం ఉన్న పందెం ఎన్నిసార్లు ఆడినా నిష్పత్తి ఒకటికి ఒకటిగానే ఉంటుంది. ఇది అసంగతమని గ్రహించి, అనుకూల ఫలితాలను మొత్తం ఫలితాలతో భాగించి, ఆ భిన్నాన్ని హెచ్చవేయాలని తేల్చాడు. సమాన పందెం వరుసగా రెండుసార్లు గెలవడం 1/4, మూడుసార్లు 1/8. పై 91/216 అవకాశం వరుసగా మూడుసార్లు ఫలించడం 7,53,571/1,00,77,696, అంటే సుమారు 7.5 శాతం. విశేషమేమిటంటే తప్పు పద్ధతిని కొట్టివేయకుండా సరైన దాని పక్కనే ఉంచాడు. అందుకే ఈ పుస్తకం చదవడం కష్టం.

పాచిక నిజాయితీగలదైతేనే ఈ లెక్క చెల్లుతుందని కార్డానో గుర్తించాడు. జడ్చర్ల వైపు పల్లెలతో సహా తెలుగునాట ఆడే అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడే అవకాశం ఈ సూత్రం ప్రకారం 1/16. కాని గవ్వకు రెండు వైపులూ ఒకేలా ఉండవు కనుక అసలు అవకాశం వేరుగా ఉండవచ్చు.

ముద్రణ

ఈ పుస్తకం రచయిత జీవితకాలంలో అచ్చు కాలేదు. 1663లో లియాన్ నగరంలో వెలువడిన పది సంపుటాల సమగ్ర రచనలలో మొదటిసారి ముద్రితమైంది. అప్పటికే పాస్కల్, ఫెర్మా 1654లో ఉత్తరాల ద్వారా సంభావ్యతా సిద్ధాంతానికి పునాది వేశారు. హైగెన్స్ 1657లో ఈ విషయంపై రచన ప్రచురించాడు.