లోకమెదురైనను తొలగని సాక్షి – అలెక్సంద్రియ అతనాసియస్

మన సంఘములలో ఒక విశ్వాసి బాప్తిస్మము పొందునప్పుడు కాపరి తండ్రియొక్కయు, కుమారునియొక్కయు, పరిశుద్ధాత్మయొక్కయు నామమును ఉచ్చరించును. చిన్ననాటినుండి వినుచున్న మాటలగుటచేత, వాటి వెనుక ఎంతటి పోరాటము జరిగెనో మనలో అనేకులము తలంపము. ఆ మూడు నామములలో రెండవది సృష్టింపబడిన ఒకనిదైన యెడల మన బాప్తిస్మమేమగును? మన ఆరాధన యేమగును? మన రక్షణకు ఆధారమెక్కడ నుండును? నాలుగవ శతాబ్దమున ఈ ప్రశ్న క్రైస్తవ సంఘమునంతటిని కుదిపివేసెను. దానికి లేఖనములనుండి జవాబు చెప్పుటకై తన జీవితమంతయు వెచ్చించిన దైవజనుడు అలెక్సంద్రియ బిషప్పైన అతనాసియస్.

ఐగుప్తు దేశమున మధ్యధరా సముద్రతీరమందున్న అలెక్సంద్రియ ఆ దినములలో గొప్ప రేవుపట్టణము, విద్యలకు నిలయము. సుమారు 298వ సంవత్సరమున అతనాసియస్ అచ్చట జన్మించెను. ఆయన పసివాడై యుండగానే, 303లో డయొక్లేషియన్ చక్రవర్తి క్రైస్తవులపై ఘోరహింసను ఆరంభించెను. దేవాలయములు కూల్చబడెను, లేఖనగ్రంథములు కాల్చబడెను. ఐగుప్తులో ఆ హింస దాదాపు పది సంవత్సరములు సాగెను. తాము ప్రేమించినవారు క్రీస్తు నామము నిమిత్తము ప్రాణములు విడుచుటను ఆ తరపు పిల్లలు కన్నులార చూచిరి. వారు ఎవరి కొరకు మరణించిరి? దేవుని కొరకా, లేక దేవునికంటె తక్కువైన యొకని కొరకా? అతనాసియస్‌కు ఇది పండితుల వాదము కాకపోవుటకు కారణమిదియే.

అలెక్సంద్రియ బిషప్పైన అలెగ్జాండర్ ఈ యౌవనస్థుని చేరదీసి, విద్య నేర్పి, తనకు వ్రాయసకానిగాను డీకనుగాను నియమించుకొనెను. ఆ బిషప్పు అధికారము క్రింద అరియస్ అను నొక సంఘకాపరి యుండెను. అతడు నియమముగా జీవించువాడు, వాక్చాతుర్యము గలవాడు. సుమారు 318లో అతడొక క్రొత్త బోధను ప్రకటింపసాగెను. దేవుడొక్కడే ఆదిలేనివాడు గనుక కుమారునికి ఆరంభమున్నదనియు, ఆయన సమస్త సృష్టికంటె ముందుగా కలుగజేయబడిన శ్రేష్ఠుడేగాని తండ్రితో సమానుడు కాడనియు అతడు చెప్పెను. సామెతలు 8వ అధ్యాయమునుండియు, తండ్రి తనకంటె గొప్పవాడని ప్రభువు పలికిన యోహాను 14వ అధ్యాయమునుండియు ఆధారములు చూపెను. తన బోధను పాటలుగా కూర్చగా ఓడవారును, తిరుగలి విసరువారును, బాటసారులును వాటిని పాడుకొనిరి. ఏకదేవుని ఘనతను కాపాడుచున్నట్లు కనబడుటచేత ఈ బోధ అనేకులను ఆకర్షించెను.

కలహము ప్రబలమగుటచేత కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నికయ పట్టణమున మహాసభను సమకూర్చెను. దాదాపు మూడువందలమంది బిషప్పులు కూడిరి. వారిలో కొందరి దేహములపై హింసకాలపు గాయముల మచ్చలుండెను. అతనాసియస్ డీకను మాత్రమే గనుక తన బిషప్పుకు తోడుగా వచ్చెను. ఆ సభలో జరిగిన యొక సంగతిని ఆయన తరువాత వ్రాసియుంచెను. సభవారు మొదట లేఖనములలోని మాటలతోనే విశ్వాసమును ఒప్పుకొనగోరిరి. కుమారుడు దేవునినుండి వచ్చినవాడని చెప్పుదమనగా అరియస్ పక్షమువారు ఒకరికొకరు కనుసైగలు చేసికొని సమ్మతించిరి; ఏలయనగా సమస్తమును దేవునినుండియే కలిగినదని వారు దానికి అర్థము చెప్పుకొనగలరు. ఆయన దేవుని స్వరూపమనగా, మనుష్యుడును దేవుని స్వరూపమే గదా యని తలంచిరి. ఆయన దేవుని శక్తి యనగా, యోవేలు గ్రంథపు గ్రీకు పాఠములో మిడుతలు సహా దేవుని గొప్ప శక్తి యని పిలువబడెనని సరిపెట్టుకొనిరి.

మాటలు లేఖనములవియే, భావము మాత్రము లేఖనములది కాదు. అప్పుడు సభవారు తప్పించుకొనుటకు వీలులేని యొక మాటను ఎన్నుకొనిరి. కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని ఒప్పుకొనిరి. ఆ మాట బైబిలులో లేదని ఎదిరించువారు ఆక్షేపించిరి. అతనాసియస్ ఇచ్చిన జవాబు నేటికిని మనకు ఉపయోగకరమైనది. ఆ అక్షరములు లేఖనములలో లేకున్నను వాటి భావము లేఖనములలో నున్నదని ఆయన చూపెను. అరియస్ వాడిన మాటలు సహితము బైబిలులో లేవని జ్ఞాపకముచేసెను. త్రిత్వమను పదము బైబిలులో ఎక్కడనున్నదని నేడు మన గుమ్మమునొద్ద నిలిచి ప్రశ్నించువారికి చెప్పవలసిన జవాబు పదునేడు శతాబ్దముల క్రిందటనే సిద్ధపరచబడెను.

328లో అలెగ్జాండర్ మరణింపగా అతనాసియస్ బిషప్పాయెను. అప్పటికాయన వయస్సు ముప్పది సంవత్సరముల ప్రాంతము. నికయలో కార్యము ముగిసినదని తలంచినవారు పొరబడిరి. చక్రవర్తి మనస్సు మారెను. అరియస్‌ను తిరిగి సంఘములో చేర్చుకొనుమని ఆజ్ఞ వచ్చెను. అతనాసియస్ ఒప్పుకొనలేదు. విరోధులు నేరములు కల్పించిరి. అర్సేనియస్ అను నొక బిషప్పును చంపించి, అతని చేయి నరికి మంత్రవిద్యకు వాడెనని ఆరోపించి, ఒక ఎండిన చేతిని చూపిరి. 335లో తూరు పట్టణమున విచారణసభ జరుగగా, దాగియున్న అర్సేనియస్ సజీవుడుగా కనుగొనబడెను. అతనాసియస్ అతనిని సభలోనికి రప్పించి, పైవస్త్రము తొలగించి, ఒక్కొక్క చేతిని చూపి, మూడవ చేయి ఎక్కడనుండి నరికితినో చూపుడని అడిగెనని ప్రాచీన సంఘచరిత్రకారులు చెప్పుదురు. అయినను ఆ సభ ఆయనను పదభ్రష్టుని చేసెను. కాన్‌స్టాంటినోపులుకు ఐగుప్తునుండి వెళ్లు ధాన్యపు ఓడలను ఆపెదనని బెదరించెనను క్రొత్త నేరమును విని, చక్రవర్తి ఆయనను నేటి జర్మనీలోనున్న ట్రియర్ పట్టణమునకు వెళ్లగొట్టెను. ఇది మొదటి ప్రవాసము.

337లో కాన్‌స్టంటైన్ మరణించిన పిమ్మట ఆయన తిరిగివచ్చెను. గాని 339లో మరల పారిపోవలసివచ్చి, రోమా పట్టణమున ఆశ్రయము పొందెను. 346లో మరలివచ్చినప్పుడు పట్టణస్థులు దూరము ఎదురేగి ఆయనను సంతోషముతో చేర్చుకొనిరి. పది సంవత్సరములు సంఘము నెమ్మదిగా నుండెను. అటుతరువాత కాన్‌స్టాంటియస్ చక్రవర్తి అరియస్ పక్షమును బలపరచెను. 356 ఫిబ్రవరి 8వ తేది రాత్రి విశ్వాసులు దేవాలయమున జాగరణ ప్రార్థనలో నుండగా, అయిదువేలకు మించిన సైనికులు దానిని చుట్టుముట్టిరి. అతనాసియస్ తన ఆసనమును విడువలేదు. 136వ కీర్తనను చదువుమని డీకనుకు చెప్పెను. దేవుని కృప నిరంతరముండునని ప్రజలు వచనము వెంబడి వచనము ప్రత్యుత్తరమిచ్చుచుండిరి. తలుపులు పగులగొట్టి సైనికులు లోపలికి చొరబడినను, ప్రజలలో అనేకులు బయటికి వెళ్లువరకు ఆయన కదలలేదు. తుదకు సన్యాసులు ఆయనను ఈడ్చుకొనిపోయి చీకటిలో తప్పించిరి.

తరువాతి ఆరు సంవత్సరములు ఐగుప్తు అరణ్యములోని సన్యాసులు ఆయనను దాచిరి. బిషప్పు ఆసనమున వేరొకడు కూర్చుండెను. 359లో తూర్పు పడమరల సభలలో అనేకులైన బిషప్పులు చక్రవర్తికి జడిసి, కుమారుడు తండ్రిని పోలినవాడని మాత్రము చెప్పు అస్పష్టమైన ఒప్పుకోలుకు సంతకము చేసిరి. లోకమంతయు ఒక ప్రక్కనుండగా అతనాసియస్ ఒక ప్రక్క నిలిచెనని తరువాతి తరములవారు చెప్పుకొనుటకు ఆ దినములే కారణము.

ప్రవాస సంవత్సరములలో ఆయన కలము ఊరకుండలేదు. ఆయన వాదమంతయు లేఖనములపై నిలిచినది. దేవుడు ఒక్కడేయను ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయపు పునాదిని ఆయన ఎన్నడును కదల్పలేదు. అయితే యోహాను సువార్త మొదటి అధ్యాయము ప్రకారము కలిగినదంతయు వాక్యము మూలముగా కలిగినయెడల, ఆ వాక్యము కలిగినవాటిలో ఒకటి యెట్లగును? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక కుమారుని దేవుని మహిమయొక్క తేజస్సనుచున్నది. వెలుగు ఉండి తేజస్సులేని కాలమెప్పుడైన నుండునా? పేతురు కొర్నేలీ నమస్కారమును అంగీకరింపలేదు. ప్రకటన గ్రంథములోని దూత యోహాను నమస్కారమును వారించెను. ప్రభువైతే తోమా పలికిన ఒప్పుకోలును త్రోసివేయలేదు. అరియస్ పక్షమువారును క్రీస్తును ఆరాధించుచునే యుండిరి. ఆయన సృష్టియైన యెడల వారు సృష్టిని పూజించుచున్నారని అతనాసియస్ హెచ్చరించెను. ప్రభువు ఆ దినము ఎరుగనని చెప్పినదియు, ఆకలిగొన్నదియు, ఏడ్చినదియు ఆయన మన నిమిత్తము ధరించిన మనుష్యత్వమునకు చెందినవని ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము వెలుగులో బోధించెను.

వీటన్నిటి మధ్య ఆయన హృదయము ఒక్క సంగతిపై నిలిచియుండెను. పాపమువలన క్షయమునకు లోనైన మనుష్యుని తిరిగి దేవునితో ఏకపరచుట ఒక సృష్టమునకు సాధ్యము కాదు. ఋణస్థుడు మరియొక ఋణస్థుని అప్పు తీర్చలేనట్లు, సృష్టింపబడినవాడు సృష్టింపబడినవారిని రక్షింపజాలడు. సృష్టించినవాడే దిగివచ్చినగాని మనకు రక్షణ లేదు. త్రిత్వ సిద్ధాంతము ఆయనకు గణితశాస్త్రపు చిక్కు కాదు. అది సువార్తకు ప్రాణము.

ఆ అరణ్యమునందే మరియొక వార్త ఆయనకు చేరెను. కుమారుని దైవత్వమును ఒప్పుకొనుచునే కొందరు పరిశుద్ధాత్మను సేవచేయు ఆత్మలలో ఒకనిగా ఎంచుచున్నారని సెరాపియోను అను బిషప్పు వ్రాసెను. అతనాసియస్ అతనికి దీర్ఘమైన పత్రికలు వ్రాసెను. దేవుని మర్మములను పరిశోధించు ఆత్మ దేవునికి వెలుపటివాడు కాడని 1 కొరింథీయులకు 2వ అధ్యాయమునుండి చూపెను. మనలను పరిశుద్ధపరచువాడు పరిశుద్ధత పొందవలసినవాడు కాడని వివరించెను. మత్తయి సువార్త చివర ప్రభువిచ్చిన బాప్తిస్మపు ఆజ్ఞలో ఒకే నామము క్రింద ముగ్గురు చెప్పబడిరి. సృష్టికర్తతోకూడ సృష్టమును ఆ నామములో చేర్చుట తగదని తేల్చెను.

361లో కాన్‌స్టాంటియస్ మరణించెను. మరుసటి సంవత్సరము తిరిగివచ్చిన అతనాసియస్ అలెక్సంద్రియలో ఒక చిన్నసభను సమకూర్చెను. ఒకే విశ్వాసము గలవారు వేర్వేరు గ్రీకు పదములను వాడుటచేత ఒకరినొకరు అనుమానించుచుండిరి. ముగ్గురని చెప్పువారు ముగ్గురు దేవుళ్లను చెప్పుటలేదనియు, ఒక్కటని చెప్పువారు తండ్రి కుమార పరిశుద్ధాత్మల భేదమును చెరుపుటలేదనియు ఉభయులను అడిగి తెలిసికొని, వారిని సమాధానపరచెను. సత్యవిషయములో రాతివలె నిలిచినవాడు పదముల విషయములో సహోదరునియెడల సహనము చూపెను.

అన్యమతాభిమానియైన జూలియన్ చక్రవర్తి ఆయనను నాలుగవమారు వెళ్లగొట్టెను. నైలు నదిపై పడవలో పారిపోవుచుండగా, వెంటాడువారు సమీపించిరని తెలిసి ఆయన పడవను వెనుకకు త్రిప్పించెననియు, అతనాసియస్ ఎక్కడని వారడుగగా దగ్గరలోనే యున్నాడను జవాబు విని వారు ముందుకు సాగిపోయిరనియు చెప్పుదురు. 365లో వాలెన్స్ చక్రవర్తి కాలమున అయిదవమారు నాలుగు నెలలు మరుగైయుండెను. ఆయన బిషప్పుగానున్న 45 సంవత్సరములలో దాదాపు 17 సంవత్సరములు ప్రవాసములోనే గడచెను. 367లో వ్రాసిన పునరుత్థాన పండుగ పత్రికలో, నేడు మన క్రొత్తనిబంధనలోనున్న 27 గ్రంథములనే ఆయన పేర్కొనెను. సరిగా ఈ 27 గ్రంథములుగల పట్టికలలో మనకు లభించిన మొదటిది అదియే. 373 మే నెలలో తన పట్టణములోనే ప్రభువునందు నిద్రించెను. ఎనిమిది సంవత్సరములకు, 381లో కాన్‌స్టాంటినోపులు సభ నికయ విశ్వాసమును స్థిరపరచి, పరిశుద్ధాత్మ తండ్రితోను కుమారునితోను ఆరాధింపదగినవాడని ఒప్పుకొనెను.

అతనాసియస్ లోపములులేనివాడు కాడు. విరోధులనుగూర్చి ఆయన వ్రాసిన మాటలు అనేక పర్యాయములు మిక్కిలి కఠినమైనవి. ఐగుప్తులోని వేరొక క్రైస్తవ వర్గముతో ఆయన పక్షమువారు కఠినముగా వ్యవహరించిరని చరిత్రకారులు చెప్పుదురు. ఆయన పేరిట పిలువబడు విశ్వాసప్రమాణమును సహితము ఆయన వ్రాయలేదు. అది ఆయన తరువాత లాటిను భాషలో పుట్టినది. మనుష్యుని ఘనపరచుటకు మనమీ చరిత్ర చదువుటలేదు. మంటి ఘటములోనే దేవుడు తన ఐశ్వర్యమును కాపాడెను.

2025తో నికయ సభకు 1700 సంవత్సరములు నిండినవి. దేవుడు మువ్వురుగా చీలినవాడని తలంచువారు, యేసు గొప్ప గురువు మాత్రమే యనువారు, ఆత్మ ఒక శక్తి మాత్రమే యనువారు నేడును మన చుట్టునున్నారు. వారితో కలహించుటకుముందు మన విశ్వాసమునకు లేఖనములలోని ఆధారమును మనమెరుగుదుమా? మన పిల్లలకు నేర్పుచున్నామా? వచ్చు ఆదివారమున బాప్తిస్మపు తొట్టియొద్ద ఆ మూడు నామములను వినునప్పుడు, 136వ కీర్తన మ్రోగిన ఆ రాత్రిని జ్ఞాపకము చేసికొందము. మనలను కలుగజేసిన దేవుడే మనలను వెదకివచ్చెను, ఆయనే మనలో నివసించుచున్నాడు. తండ్రి కుమార పరిశుద్ధాత్మయైన ఏకదేవునికే యుగయుగములు మహిమ కలుగును గాక. ఆమేన్.