ఘంటసాల గారి గొంతు, చక్కెర జబ్బు

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు లైనులో, భట్టిప్రోలు దగ్గర పెదపులివర్రు అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు రేపల్లె తాలూకాలోనిది, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య గారి స్వగ్రామం అది. ఘంటసాల వెంకటేశ్వరరావు గారి అత్తవారి ఊరు కూడా అదే. ఈ ఇద్దరికీ పరిచయం కావడమే ఆ గొంతు మద్రాసు చేరడానికి దారి అయింది. ఏ మతం వారైనా, ఏ ఇంటి వారైనా ఆ పాట వినని తెలుగువారు అరుదు. కాని ఆ గొంతు 51 ఏళ్ళకే ఆగిపోయిందని, చివరి ఏళ్ళలో చక్కెర జబ్బు ఆయనను బాధించిందని మనలో చాలామందికి గుర్తు ఉండదు. మన ప్రాంతంతో ఇంత సంబంధం ఉన్న ఆ మహాగాయకుని జీవితం ఒకసారి తలచుకుంటే, మన ఇళ్ళలోని షుగరు రోగులకు కూడా పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఘంటసాల గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. కొడుకు చిన్నతనంలోనే ఆయన కాలం చేశారు. మేనమామ పెంపకంలో పెరిగిన ఆ కుర్రవాడు సంగీతం నేర్వాలనే పట్టుదలతో వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి, ఫీజు మాట ఎత్తకుండా విద్య చెప్పారు. తిండికి మాత్రం దారి లేదు. జోలె కట్టుకుని వీధి వీధి తిరిగి మాధుకరం ఎత్తుకుని తిన్నాడు. ఆకలిని ఓర్చుకుని చదివి సంగీత కళాశాల నుంచి పట్టా తీసుకున్నాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి బళ్ళారి దగ్గర అలీపురం జైలుకు కూడా వెళ్ళాడు.

1944 మార్చి 4న సావిత్రమ్మ గారితో వివాహమైంది. తన పెళ్ళికి తానే కచేరీ చేశారు. ఆ తర్వాతనే సముద్రాల వారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. వెళ్ళగానే పనులు దొరకలేదు. పగలల్లా స్టూడియోల చుట్టూ తిరగడం, రాత్రి పానగల్ పార్కులో పడుకోవడం. బృందగానంలో ఒక గొంతుగా, చిన్న చిన్న వేషాలతో రోజులు గడిచాయి. 1945లో స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడారు. 1949లో మనదేశం, కీలుగుర్రం చిత్రాలకు సంగీతం కూర్చారు. 1951లో వచ్చిన పాతాళభైరవితో ఆయన పేరు ఇంటింటికీ పాకింది. ఆ చిత్రం తీసిన విజయా వారిలో చక్రపాణి గారు మన తెనాలి వారే. ఆ వెనుక దేవదాసు, మాయాబజార్, లవకుశ. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఇంత పేరు వచ్చేసరికి శరీరం సహకరించడం మానేసింది. 1969 నుంచి తరచు జబ్బుపడుతూ వచ్చారు. అయినా 1971లో ఐరోపా, అమెరికాలు తిరిగి కచేరీలు చేశారు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతూ ఉండగా గుండెలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. అప్పటికే చక్కెర జబ్బు ఉన్నది. చాలా రోజుల వైద్యం తర్వాత ఇంటికి వచ్చి, 1973లో మళ్ళీ మైకు ముందు నిలబడి భక్త తుకారాం, జీవన తరంగాలు వంటి చిత్రాలకు పాడారు. 1974 ఫిబ్రవరి 11న ఆసుపత్రిలోనే కన్నుమూశారు.

ఒక విచిత్రం గమనించండి. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ ఇంజక్షన్ కెనడాలోని టొరంటోలో మొదటిసారి ఒక అబ్బాయికి ఇచ్చింది 1922 జనవరిలో. ఘంటసాల గారు పుట్టింది అదే సంవత్సరం డిసెంబరులో. అంటే మందూ ఆయనా ఒకే ఈడు వారన్నమాట. కాని ఆయన కాలంలో ఇంట్లో వేలు గుచ్చి చక్కెర చూసుకునే మిషన్లు మన ఊళ్ళలో లేవు. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షకు మూలమైన సంగతిని టెహ్రానులో శామ్యూల్ రహబర్ అనే డాక్టరు కనిపెట్టింది 1968లోనే. అది మన దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఈ రోజు ఆ రెండూ తెనాలిలోనూ బాపట్లలోనూ దొరుకుతున్నాయి. ఆయనకు దొరకనిది మనకు దొరికింది. వాడుకోకపోతే తప్పు మనదే.

ఆయన గుండె జబ్బుకు షుగరు ఒక్కటే కారణమని నేను చెప్పడం లేదు. కాని ఈ రెండూ తరచు జంటగా వస్తాయి. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాలు పాడవుతాయి. కన్ను, మూత్రపిండం, పాదాల నరాలు, గుండె, ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి. నరాలు మొద్దుబారినవారికి పాదంలో మేకు గుచ్చుకున్నా తెలియదు. గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకుండా ఆయాసం, చెమట, నీరసం మాత్రమే కనబడవచ్చు. గ్యాసు అనుకుని సోడా తాగి పడుకోవడం ప్రాణానికే ముప్పు.

మరొక సంగతి. మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్లు రెండు చిన్న గ్రంథులు ఉంటాయి, ఎడ్రినల్ గ్రంథులు అంటారు. కార్టిసాల్, ఎడ్రినలిన్ అనే రసాలు వాటి నుంచి వస్తాయి. భయం, జ్వరం, నిద్రలేమి, పని ఒత్తిడి వచ్చినప్పుడు ఇవి పెరిగి చక్కెరను పైకి నెడతాయి. జ్వరం వచ్చిన రోజున షుగరు ఎందుకు పెరిగిందని మనం ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే. కార్టిసాల్ మరీ ఎక్కువైతే ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, చక్కెర జబ్బు వస్తుంది. మరీ తక్కువైతే నీరసం, వాంతులు, చర్మం నల్లబడడం, చక్కెర పడిపోవడం. ఇన్సులిన్ వాడేవారికి కారణం లేకుండా మాటిమాటికీ చక్కెర పడిపోతూ ఉంటే ఈ అనుమానం కూడా డాక్టరు చెవిన వేయాలి. ఆయాసానికి, కీళ్ళనొప్పులకు వాడే స్టెరాయిడ్ మాత్రలు కూడా చక్కెరను పెంచుతాయి. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే, నిద్రపోయిన ఆ గ్రంథులు వెంటనే లేవక మనిషి కూలిపోతాడు. కనుక అలవాటు మీద కొనడం, మనంతట మనమే మానడం రెండూ కూడవు.

చక్కెర పడిపోయినప్పుడు వణుకు, చెమట, గుండెదడ పుట్టించి హెచ్చరించేది కూడా ఎక్కువగా ఆ ఎడ్రినలినే. జబ్బు ముదిరి ఏళ్ళు గడిచినవారిలో ఆ హెచ్చరిక మందగిస్తుంది. మనిషి తూలిపోయేదాకా తెలియదు. కాబట్టి ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడే పెద్దలు రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి సహరికి, ఇఫ్తారుకు మందు ఎలా వేసుకోవాలో అడిగి తెలుసుకోవాలి. రోజా పెట్టవద్దని డాక్టరు చెబితే మొండికెత్తకండి. జబ్బుపడినవారికి మన ధర్మంలో సడలింపు ఉన్నదని అందరికీ తెలుసు.

నలభై దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారి చక్కెర, బీపీ చూపించుకోండి. షుగరు ఉన్నవారు ఏటా కళ్ళు, మూత్రం, గుండె పరీక్ష చేయించుకోండి. రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోండి. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అందరికీ వడ్డించి తమ జబ్బు సంగతి ఎత్తరు. వారిని కూడా తీసుకుపోండి. జోలె పట్టి అన్నం తిని విద్య నేర్చిన మనిషి 51 ఏళ్ళకే పోవడం తెలుగుజాతికి నష్టం. ఒక తండ్రి, ఒక తల్లి పోతే ఆ ఇంటికి అంతే నష్టం.