మూసీకి కళ్లెం వేసిన మోక్షగుండం

హైదరాబాద్: అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పురాతనమైన చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది మహోగ్రంగా పొంగినప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలను ఆశ్రయించి ప్రాణాలు దక్కించుకున్నారు. నగరంలో మిగిలినవారందరికీ అంతటి అదృష్టం లభించలేదు. దాదాపు 15 వేల మంది జలసమాధి అయ్యారని అంచనా. 19 వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. జనాభాలో నాలుగోవంతు, అంటే 80 వేల మంది నిలువనీడ లేనివారయ్యారు. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్, ముసల్లంజంగ్ వంతెనలు దెబ్బతినగా, కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే వరదను తట్టుకుని నిలిచింది. ఆ శోకం నుంచి నగరాన్ని తేరుకునేలా చేసి, మళ్లీ అటువంటి విపత్తు రాకుండా ప్రణాళిక రచించిన మహనీయుడు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పేరు చెప్పగానే కృష్ణరాజసాగరం, మైసూరు దివాన్ పదవి గుర్తుకు వస్తాయి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. కానీ ఒక నగరం ఎలా ఉండాలి, నీరు ఎక్కడి నుంచి రావాలి, మురుగు ఎటు పోవాలి, నది ఒడ్డున ఏమి కట్టాలి, ఏమి కట్టకూడదు అన్న ప్రశ్నలకు ఆయన సమగ్రంగా సమాధానం చెప్పింది మాత్రం హైదరాబాద్‌లోనే.

తెలుగు మూలాలు

విశ్వేశ్వరయ్య 1861లో నేటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం సమీపాన గల ముద్దెనహళ్లిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరిది తెలుగు కుటుంబం. పూర్వీకులు ప్రకాశం ప్రాంతంలో బేస్తవారిపేట చేరువనున్న మోక్షగుండం గ్రామం నుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్లారు. ఆ గ్రామనామమే ఇంటిపేరుగా స్థిరపడింది. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెబుతూ చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కళాశాల నుంచి బీఏ పట్టా పొందారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనాలోని సైన్స్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి 1883లో ప్రథమ శ్రేణిలో నిలిచారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు.

ఆ ఉద్యోగంలోనే ఆయన దృష్టి పట్టణాల నీటి సమస్యపై పడింది. సింధు నది ఒడ్డునే ఉన్నా సుక్కూరు పట్టణ ప్రజలకు బురద నీరే గతి. నీటిని పెద్ద ఎత్తున వడగట్టేందుకు కావలసిన సొమ్ము పురపాలక సంఘం వద్ద లేదు. నది అడుగునున్న ఇసుకే సహజమైన వడపోత అని గ్రహించిన విశ్వేశ్వరయ్య, ఆ ఇసుక పొరల గుండా ఊరిన నీటిని బావిలోకి రప్పించి పట్టణానికి అందించారు. 1895 నాటికి ఆ పథకం పూర్తయింది. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి వరద వచ్చినప్పుడు వాటంతట అవే తెరుచుకునే తలుపులను రూపొందించి 1903లో అమర్చారు. 1906లో ఏడెన్ రేవు పట్టణానికి వెళ్లి మంచినీరు, మురుగునీటి పారుదలపై నివేదిక సమర్పించారు.

ఇంత ప్రతిభ చూపినా బొంబాయి రాష్ట్రంలో చీఫ్ ఇంజనీరు పదవి ఆనాడు భారతీయులకు అందనిది. పై మెట్టు ఎక్కే దారి లేదని గ్రహించిన ఆయన 1908లో ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 47 ఏళ్లు. విదేశాల్లో పర్యటిస్తుండగా నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు అందింది. వరద బాధిత నగరాన్ని పునర్నిర్మించడానికి, మళ్లీ వరద రాకుండా చూడటానికి, మురుగునీటి వ్యవస్థకు పథకం తయారు చేయడానికి రమ్మని దాని సారాంశం.

చెరువుల లెక్క, వాన లెక్క

1909 ఏప్రిల్ 15న విశ్వేశ్వరయ్య హైదరాబాద్‌లో బాధ్యతలు స్వీకరించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనాకాలమది. పనులు మొదలుపెట్టే ముందు అసలు ఏమి జరిగిందో తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 860 చదరపు మైళ్లకు పైబడి ఉంది. అందులో 788 చెరువులు ఉన్నట్లు లెక్క తేలింది. అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు. ఆ వరదలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం నమోదయింది. వరద ఉధృతి సెకనుకు 4 లక్షల 25 వేల ఘనపుటడుగులకు చేరి ఉంటుందని ఆయన గణించారు.

ఈ లెక్కల వెనుక ఒక భయానకమైన క్రమం ఉంది. మన ప్రాంతపు చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మామూలు వానలకు ఇది వరం. కానీ పై కట్ట తెగితే నిల్వ ఉన్న నీరంతా ఒక్కసారిగా కింది కట్టపై పడుతుంది. అది తెగితే దాని కిందిది. నగరం మీదకు వచ్చినది కేవలం ఆ రోజు కురిసిన వాన కాదు, ఎగువన తెగిన చెరువుల నీరు కూడా దానితో కలిసి వచ్చింది.

అటువంటి వాన మళ్లీ పడదులే అనుకుంటే నివేదిక సులభంగా ముగిసేది. ఆయన అలా అనుకోలేదు. దేశంలోని ఇతర ప్రాంతాల వర్షపాత వివరాలను సేకరించి పోల్చి చూశారు. ఒకసారి వచ్చిన వరద మరోసారి రావచ్చునని, అంతకు మించినదీ రావచ్చునని నిర్ధారించుకున్నారు. నగరం మధ్యలో గోడలు ఎంత ఎత్తు లేపినా అంత నీటికి అవి చాలవు. కాబట్టి వరదను నగరానికి ఎగువనే ఆపాలి. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు నిర్మించాలి. వరద నీటిని వాటిలో పట్టి ఉంచి, నది భరించగలిగినంత మేరకే కిందికి వదలాలి. ఇదీ ఆయన పథకానికి ప్రాణం.

నది ఒడ్డుకు కొత్త రూపు

1909 అక్టోబరు 1న, అంటే వరద వచ్చిన ఏడాదికి, ఆయన నివేదిక సమర్పించారు. జలాశయాలతోనే అది ఆగలేదు. నగరంలో మూసీకి ఇరువైపులా గట్లు కట్టాలని, వాటి వెంట రహదారులు, ఉద్యానవనాలు వేయాలని సూచించారు. నది ఒడ్డు ఇరుకిరుకు ఇళ్లకు కాక ప్రజలందరికీ చెందిన స్థలం కావాలన్నది అందులోని ఉద్దేశం. వాననీటికి, మురుగునీటికి వేరు వేరు దారులు ఉండాలని, మురుగును నదిలోకి వదలకుండా భూగర్భ కాలువల ద్వారా నగరం వెలుపలకు తరలించాలని ప్రతిపాదించారు.

నివేదిక ఇచ్చిన వెంటనే, 1909 నవంబరులో ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. హైదరాబాద్‌లో ఆయన ప్రణాళికను ఇతరులు నెరవేర్చారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1912లో నగరాభివృద్ధి మండలిని ఏర్పాటు చేశారు. ఇరుకు వాడలను తొలగించడం, రోడ్లను వెడల్పు చేయడం, కొత్త ఇళ్లు కట్టించడం దాని పనులు. నేడు పత్తర్‌గట్టీలో కనిపించే రాతి దుకాణాల వరుస ఆ మండలి కృషికి నిదర్శనం. మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, సిటీ కళాశాల, మరో ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, గ్రంథాలయ భవనం వెలసి నది ముఖచిత్రమే మారిపోయింది.

మూసీ మీద 1913లో శంకుస్థాపన జరిగిన ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమైంది. ఉస్మాన్‌సాగర్‌నే ప్రజలు గండిపేట చెరువు అంటారు. గండిపేట నీళ్లు తాగినవారు ఈ ఊరు విడిచిపోలేరన్న నానుడి నేటికీ పాతకాలపు హైదరాబాదీల నోట వినిపిస్తుంది. 1960ల మధ్యలో మంజీర నీరు వచ్చేవరకు ఈ రెండు జలాశయాలే నగరానికి ప్రధానంగా దాహం తీర్చాయి. 1922లో, మళ్లీ 1930లో విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం సలహాల కోసం ఆహ్వానించింది. 1931లో ప్రారంభమైన భూగర్భ మురుగునీటి వ్యవస్థ 54 చదరపు కిలోమీటర్ల మేర, ఐదు లక్షల లోపు జనాభాకు సరిపోయేలా రూపొందింది.

మైసూరులో దివాన్‌గా

మైసూరులో ఆయన 1912 నుంచి 1918 వరకు దివాన్‌గా పనిచేశారు. కావేరిపై కృష్ణరాజసాగరం పనులు 1911లో ఆయన పూనికతోనే ఆరంభమయ్యాయి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఆయన హయాంలోనే అవతరించాయి. ప్రభుత్వోద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక అవకాశం కల్పించాలన్న విధానంతో ఆయన ఏకీభవించలేకపోయారు. దివాన్ పదవిని వీడటానికి అదీ ఒక కారణం. ప్రతిభే కొలమానం కావాలని ఆయన వాదించారు. తరతరాలుగా చదువుకు దూరమైనవారి పక్షాన నిలిచినవారికి ఆ వాదన అప్పుడూ రుచించలేదు, ఇప్పుడూ రుచించదు. ఆయన జీవితాన్ని చెప్పేటప్పుడు ఈ విషయాన్ని దాటవేయడం న్యాయం కాదు.

1934లో ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థపై గ్రంథం వెలువరించి, స్వతంత్ర భారతంలో ప్రణాళికా సంఘం ఏర్పడటానికి ఎంతో ముందే ఆ ఆలోచనను దేశం ముందుంచారు. 1951లో తన ఉద్యోగ జీవిత స్మృతులను ప్రచురించారు. 1955లో ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. నిండు నూరేళ్లు జీవించిన ఆ కర్మయోగి 1962 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

మిగిలిన ప్రశ్న

విశ్వేశ్వరయ్య పథకంలో మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. వరదను ఆపే జలాశయం వానాకాలంలో కొంత ఖాళీగా ఉండాలి. దాహం తీర్చే జలాశయం నిండుగా ఉండాలి. ఒకే జలాశయంతో రెండు పనులూ చేయించాలంటే ఎప్పుడు నింపాలో, ఎప్పుడు వదలాలో తెలిసిన జాగరూకత కావాలి. ఎగువన వాన ఎంత పడిందో గంటగంటకూ తెలియాలి. దిగువన నదికి నడవడానికి చోటు ఉండాలి. జలాశయాలను ఇంజనీర్లు కట్టగలరు. ఆ చోటును కాపాడవలసినది మాత్రం ప్రభుత్వాలు, పౌరులు.

ఆ చోటు ఏమైందో తరువాతి వరదలు చెప్పాయి. 2000 ఆగస్టులో కుండపోత వాన నగరాన్ని ముంచెత్తింది. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. 1908 వరదకు విశ్వేశ్వరయ్య గుర్తించిన కారణమే, చెరువు కట్ట తెగడమే, 112 ఏళ్ల తరువాత మళ్లీ ఇళ్లలోకి నీటిని తెచ్చింది. తేడా ఒక్కటే. నాడు చెరువుల కింద పొలాలు ఉండేవి, నేడు కాలనీలు ఉన్నాయి. 2025 సెప్టెంబరు చివరలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఆవరణలోకి మూసీ నీరు చేరింది.

జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111 జీవో జారీ అయింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ కొత్త ఉత్తర్వు ఇచ్చింది. నగరానికి కృష్ణా, గోదావరి జలాలు వస్తున్నందున జంట జలాశయాల అవసరం తగ్గిందన్నది ఆ నిర్ణయానికి చూపిన కారణం. తమ సొంత భూమిలో ఇల్లు కట్టుకోలేక పాతికేళ్లు నిరీక్షించిన గ్రామస్తుల బాధ నిజమైనదే. అయితే ఈ జలాశయాలు పుట్టింది దాహం తీర్చడానికి మాత్రమే కాదు. తాగునీటికి మరో నది దొరకవచ్చు. వాన పడే చోటును మాత్రం ఎవరూ మార్చలేరు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మీదుగానే పోవాలి.

విశ్వేశ్వరయ్య ఈ నగరంలో తొలిసారి గడిపింది ఏడు నెలలు మాత్రమే. ఆ కొద్దికాలంలో ఆయన చేసిన మొదటి పని చెరువులను లెక్కించడం, వానను కొలవడం. నగరం గురించి ఏ నిర్ణయమైనా ఆ లెక్కతోనే మొదలుకావాలని ఆయన జీవితం తెలియజేస్తోంది. ఏటా సెప్టెంబరు 15న ఆయన విగ్రహాలకు పూలమాలలు వేస్తాం. పదమూడు రోజుల తరువాత 28వ తేదీ వస్తుంది. ఆ రోజు కూడా ఆయనను తలచుకుని, మన ఊరి చెరువు కట్ట ఎలా ఉందో ఒకసారి చూసి వస్తే అదే ఆ మహనీయునికి నిజమైన నివాళి.