మార్లవాయిలో పంతుళ్లను తయారు చేసిన హైమన్‌డార్ఫ్

ఏటా జనవరి 11న కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయిలో గోండులు బెట్టీ ఎలిజబెత్ సమాధికి పూలదండలు వేస్తారు. ఆమెతో పాటు ఆమె భర్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌నూ తలుచుకుంటారు. ఆయన పేరు మన సంఘాలకు కొత్త కాదు. టీచర్ ట్రైనింగ్ చేసి, చిట్యాలలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్న నాకు మాత్రం ఆయన పంతుళ్లను తయారు చేసిన సంగతే ముందు గుర్తొస్తుంది.

ఆయన 1909లో వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రంలో డాక్టరేట్ చేసి, 1936–37లో నాగా కొండల్లో తిరిగారు. 1938లో బెట్టీని పెళ్లాడారు. మరుసటి ఏడు ఇద్దరూ ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయనది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో బ్రిటిష్ వాళ్లు శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి నిజాం రాజ్యం దాటవద్దన్నారు. ఆ కట్టడే మనకు మేలైంది. 1940లో మన పక్కనున్న అమ్రాబాద్ గుట్టల్లో చెంచులతో ఉండి, వాళ్ల మీద పుస్తకం రాశారు. తర్వాత కొండరెడ్ల దగ్గరికి, అటుపైన ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లారు.

1940లోనే కుమ్రం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. గోండుల భూములు ఎందుకు పోతున్నాయో హైమన్‌డార్ఫ్ సర్కారుకు నివేదికలు రాశారు. చేతిలో పట్టా లేదు, కాగితం ఇచ్చినా చదివేవాళ్లు లేరు. బడి పెడదామంటే పంతులేడి? బయటి పంతులుకు గోండి రాదు, పిల్లలకు ఉర్దూ రాదు. అందుకని 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించారు. గోండు యువకులకే చదువు చెప్పి పంతుళ్లను చేశారు. దేవనాగరి అక్షరాలతో గోండి వాచకాలు తయారయ్యాయి. పిల్లలు ముందు తల్లిభాషలో చదివి, ఆ తర్వాత వేరే భాషలకు వెళ్లారు.

దీని విలువ నాకు అనుభవంతో తెలుసు. దేవరకొండ వైపు మా తండా నుంచి బడికి పోయిన మొదటి రోజుల్లో పంతులు తెలుగులో ఏం అడిగినా నోరు విప్పలేదు. నాకు వచ్చింది గోర్ బోలి ఒక్కటే. నన్ను మొద్దు అనుకున్నారు. ఇప్పుడు నా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లతో మొదటి మాట మా భాషలోనే మాట్లాడతాను. సాయంత్రానికల్లా ఆ పిల్ల నవ్వుతుంది.

హైమన్‌డార్ఫ్ తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యారు, అయినా ఇక్కడికి వస్తూనే ఉన్నారు. 1982లో అచ్చయిన పుస్తకంలో, ఆదిలాబాద్‌కు వచ్చిన లంబాడీల వల్ల గోండుల భూములు చేజారుతున్నాయని రాశారు. లంబాడీ బిడ్డగా ఆ మాట నాకు కష్టంగానే ఉంటుంది. అయినా దాచిపెట్టి ఆయనను పొగడడం నాకు ఇష్టం లేదు. గోండు అన్నదమ్ములతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం అది.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు.

ఇంటర్ అయిన మా పాత పిల్లలు ఏం చదవమంటారు మేడం అని అడుగుతుంటారు. డీసెట్ రాసి డీఎల్ఈడీ చేయండి, పసిపిల్లలంటే ఇష్టముంటే డీపీఎస్ఈ చేయండి అంటాను. ఉద్యోగం వెంటనే వస్తుందని మాట ఇవ్వలేను. కానీ తండా అంగన్‌వాడీలో, గూడెం బడిలో మన భాష వచ్చిన టీచరమ్మ ఒకరుంటే, మొదటి రోజే నోరు మూసుకునే పిల్ల ఉండదు.