డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి

1949లో జన్మించిన డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి గుల్బర్గాలో వైద్యవిద్య నభ్యసించి, 1978లో శాసనసభలో ప్రవేశించారు. 2003లో చేవెళ్ల నుండి ఇచ్ఛాపురం వరకు కాలినడకన సాగి, మరుసటి యేడు ముఖ్యమంత్రి అయ్యారు. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషను కల్పించినది ఆయన ప్రభుత్వమే. మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2009 సెప్టెంబరు 2న బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ఆయన హెలికాప్టరు నల్లమలపై అదృశ్యమైంది. మరునాటి ఉదయానికి గాని పావురాలగుట్ట వద్ద శకలాలు కానరాలేదు. అందులోని ఐదుగురూ మరణించారు. ముఖ్యమంత్రి ఎక్కడున్నారో ఒక పగలు, ఒక రాత్రి రాష్ట్రానికే తెలియలేదు!

ఎగురుతున్నంతసేపూ ఉపగ్రహానికి తన ఉనికిని తెలిపే పరికరం ఉన్నచో ప్రాణాలు దక్కేవో లేదో గాని, వెదకవలసిన చోటు తెలిసేది. 2014లో 239 మందితో మలేషియా విమానం మాయమైన పిదప, సముద్రాలపై పెద్ద విమానాల ఉనికి 15 నిమిషాలకొకసారి తెలియవలెనని అంతర్జాతీయ నియమం వచ్చింది. మన అడవులపై ఎగిరే హెలికాప్టర్లకూ అట్టి నియమం విధించవలసినదే. అచ్చట 15 నిమిషాలు సైతం ఎక్కువే.